త్రీనాట్‌త్రీకి వేసిన వెండి పట్టీ

నేను చేసిన తలుపు గడపకు ఒరుసుకుంటోందంటే ఒప్పుకుంటాను. బల్ల ఊగుతోందంటే వచ్చి చూస్తాను. తప్పు నాదైతే తల వంచుకుని బాగుచేసి వెళ్తాను. కానీ ఇరవై ఆరేళ్ల కిందట నేను చెక్కిన తుపాకీ కర్రను తిప్పి చూడకుండానే, "ఆ ఇండియావాడు వేసిన కట్టె పుచ్చిపోయింది, గురి తప్పేది అందుకే" అని ఒకరు తీర్పు చెప్పేస్తే ఊరుకునే మనిషిని కాను. అరవై తొమ్మిదేళ్ల వయసులో కూడా కాను.

ఆ మాట అన్నది మా అర్బాబ్ కొడుకు. అర్బాబ్ అంటే యజమాని. మస్కట్‌లోని ఘాలాలో నేను పనిచేసే వడ్రంగి షాపు ఆయనది, నా వీసా ఆయన పేరు మీద ఉంది. ఆయన ఇల్లు ఖురియాత్‌లో, సముద్రానికి దగ్గర. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఇన్నేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, "నజ్జార్" అంటాడు. నజ్జార్ అంటే వడ్రంగి. అందులో నాకు తక్కువేమీ కనిపించలేదు. కొడుకు మాత్రం "రఫీక్" అంటాడు. నిఘంటువులో దానికి స్నేహితుడని అర్థం. కానీ ఇక్కడ రోడ్డు ఊడ్చేవాణ్ణీ, పెట్రోలు కొట్టేవాణ్ణీ, పేరు అడిగే ఓపిక లేని ప్రతి పరాయివాణ్ణీ పిలిచే పిలుపు అది. దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదని అబద్ధం చెప్పను. పట్టించుకున్నాను.

కబురు నాకు మోసుకొచ్చినవాడు కంపెనీ డ్రైవరు. మా కడప వాడే. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, నాతో కడప తెలుగు. ఒకరోజు షాపులోకి వచ్చి, చెక్కపొట్టు మీద చెప్పులు విప్పి, బల్ల మీద కూర్చున్నాడు.

"మామా, నీ తుపాకీ కత అయిపోయినట్లే. చిన్న అర్బాబ్ కొత్త రైఫిల్ తెచ్చినాడు. యాడో పరాయి దేశంలో వేటకు పోతాడంట. పాతదాని గొట్టంలో సీసం పోసి, అద్దాల బీరువాలో పెడ్తాడంట, కొత్తింట్లో చుట్టాలు కూసునే రూములో."

"సీసం పోసేదెందుకు?"

"కాల్చే తుపాకీకైతే కాగితాలు, లైసెన్సు గోల ఉంటాది గదా. అలంకారానికైతే ఏమీ ల్యా. అయినా అది గురి తప్పుతాంది అంట మామా. కట్టె పుచ్చిపోయిందంట."

"పుచ్చింది ఎవరు చూసినారు?"

"నన్ను చూస్తావేంది అట్ల? నేను డ్రైవర్ని. విన్నది చెప్తాండా."

చేతిలోని ఉలి కింద పెట్టాను. విసిరేశానని వాడు ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. విసరలేదు.

అప్పుడే అర్బాబ్‌కు ఫోన్ చేశాను. ఆయనతో నేను మాట్లాడేది సగం హిందీ, పావు అరబ్బీ, మిగతాది చేతులతో. ఇక్కడ తెలుగులోనే రాస్తాను. "అర్బాబ్, నా కట్టె పుచ్చిందని మీరు చూశారా?" అన్నాను, నమస్కారం కూడా లేకుండా. ఆయన కాసేపు దగ్గాడు. "నా కళ్లకు ఇప్పుడు నా చెయ్యే సరిగా కనిపించదు నజ్జార్, కట్టెనేం చూస్తాను? కొడుకు చూశానన్నాడు." "చూసి ఉంటే ఆ మాట అనడు," అన్నాను. మళ్లీ దగ్గు. తర్వాత ఆయన చెప్పింది ఇది: శుక్రవారం పొద్దున షూటింగ్ రేంజ్‌కు రెండు రైఫిళ్లూ తీసుకుపోతారు. కాల్చేది కొడుకే. వంద మీటర్ల దూరంలో పాత తుపాకీ ఐదు తూటాలు ఆయన అరచేతి కింద పట్టేంత చోటులో పడితే, అది కాల్చే తుపాకీగానే ఉంటుంది. పడకపోతే కొడుకు ఇష్టం, సీసం పోసుకోవచ్చు. "ఇద్దరం ఒప్పుకున్నాం. నువ్వూ రా. మాట పడింది నీ చేతి మీద కదా."

వస్తానని చెప్పాను. రావద్దన్నా పోయేవాణ్ణే.

ఆ తుపాకీ నా దగ్గరకు ఎలా వచ్చిందో చెప్పాలి. అది త్రీనాట్‌త్రీ. మన దేశంలో పోలీసుల భుజాల మీద చూసిన రకమే. బ్రిటిష్ కాలంలో ఎవరో అర్బాబ్ తండ్రికి ఇచ్చారు. ఆ తండ్రి ఖురియాత్ వెనక కొండల్లో దానితో కొండమేకల్ని వేటాడాడు. అర్బాబ్ కూడా కుర్రతనంలో వేటాడాడు. వేట కూడదని ప్రభుత్వం చట్టం చేసిన తర్వాత ఆయన కొండ మీద ఒక్క తూటా కాల్చలేదు. పండక్కీ పెళ్లికీ భుజాన వేసుకునేవాడు, ఎప్పుడైనా రేంజ్‌కు తీసుకుపోయేవాడు, అంతే. ఒకరోజు పికప్ వెనక్కి తీస్తూ దాని మీద చక్రం ఎక్కించారు. ఇనుముకేమీ కాలేదు. గొట్టం కింద ఉండే పొడవాటి కర్ర నిలువునా చీలిపోయింది. షాపులో నాకంటే సీనియర్లు ముగ్గురు ఉండేవాళ్లు. చూసి, మాకు రాదన్నారు. నాకూ రాదు. కానీ నేను ఆ మాట అనలేదు.

నేను చదివింది ఐదో తరగతి. మా నాయన ఎద్దుల బండ్లు చేసేవాడు. వేరుశెనగ చేలల్లో అడవి పందుల్ని తరిమే కావలిమనిషికి నాటు తుపాకీ ఉండేది, దాని కర్ర ఒకసారి మా నాయన చెక్కాడు. పక్కన కూర్చుని చూశాను. అదే నా చదువు. అర్బాబ్ దగ్గర సైన్యం రోజుల నాటి చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, అందులో ఆ రైఫిల్ బొమ్మలు. దాన్ని అడిగి తీసుకుని, రూమ్ నుంచి షాపుకు పోయే కంపెనీ బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఇంకో చేత్తో జేబు డిక్షనరీ పట్టుకుని, మాట వెంట మాట చదివాను. గొట్టానికి కర్రలో చేసే చోటును ఆ పుస్తకం 'బెడ్డింగ్' అంది. డిక్షనరీలో చూస్తే పరుపు, పడక అని ఉంది. అంతే, నాకు అర్థమైపోయింది. గొట్టం కర్రలో పడుకోవాలి. కట్టేసినట్టు కాదు, పడుకున్నట్టు. పేలినప్పుడు అది వణుకుతుంది, వేడెక్కితే సాగుతుంది. ప్రతిసారీ ఒకేలా వణకనిస్తే ఒకేచోట కొడుతుంది. ఎక్కడైనా కర్ర ఒరుసుకుందా, తూటా పక్కకు పోతుంది.

ఖురియాత్ ఒడ్డున పాడుబడిన పెద్ద పడవ నుంచి ఒక టేకు పలక తెచ్చుకున్నాను. ఉప్పునీళ్లు తాగి తాగి ఇక వంగడానికీ ఉబ్బడానికీ ఓపిక లేని చెక్క. పదకొండు రోజులు, డ్యూటీ అయ్యాక, చెక్కాను. గొట్టానికి మసి పూసి కర్రలో ఆనించడం, తీసి చూడటం, నల్లగా అంటిన చోట గాజు పెంకుతో గీకడం, మళ్లీ పూయడం. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. పన్నెండో రోజు అర్బాబ్ దాన్ని రేంజ్‌కు తీసుకుపోయి, తిరిగొచ్చి, తన అరచేతిని నా ముందు పెట్టి, మధ్యలో వేలితో చుక్కలు పొడిచి చూపించాడు. ఐదూ అక్కడే పడ్డాయని. అరచేతి కొలత అక్కణ్ణుంచి వచ్చింది.

ఆ చెక్క పుచ్చిందంట!

శుక్రవారం పొద్దున నా పనిపెట్టె తీసుకుని బండెక్కాను. దారిలో డ్రైవరు ఊరుకోడు కదా.

"మామా, పెట్టె యాల మామా? తుపాకీ కాల్చేదానికి పోతాండామా, మంచం బిగించేదానికా?"

"నువ్వు రోడ్డు చూడు."

"చూస్తానే ఉండా. ఓడిపోతే ఏం చేస్తావు? చిన్న అర్బాబ్ ముందర మొగం యాడ పెట్టుకుంటావు?"

"ఓడిపోయేది నేను గాదు, చూడకుండా మాట్లాడినోడు."

"అబ్బా! వీసా గూడా ఆయన చేతికే వస్తాది రేపు. గుర్తుండాదా?"

గుర్తుంది. అందుకే పెట్టె గట్టిగా ఒళ్లో పట్టుకున్నాను.

రేంజ్ రాతి కొండల నడుమ ఉంది. చలికాలం, ఎండ చురుక్కుమనడం లేదు. అక్కడి మేనేజరు సైన్యంలో పనిచేసి వచ్చిన ఒమానీ, నెరిసిన గడ్డం, మాట తక్కువ. ఎవరు ఎక్కడ నిలబడాలో వేలితో చూపిస్తాడు. అర్బాబ్ కుర్చీలో కూర్చున్నాడు, చేతికర్ర మోకాళ్ల మధ్య. కొడుకు కొత్త రైఫిల్ పెట్టె తెరిచాడు.

దాని గురించి కూడా న్యాయంగానే రాస్తాను. భుజానికి ఆనే మడమ నుంచి గొట్టం కింది కర్ర దాకా అంతా నల్లటి ప్లాస్టిక్. పైన మూర పొడవు దుర్బిణి. తుప్పు పట్టని గొట్టం. దగ్గరకు పోయి, డ్రైవరు దగ్గర పెట్రోలు రసీదు అడిగి తీసుకుని, ఆ కాగితాన్ని గొట్టానికీ దాని కింది ప్లాస్టిక్‌కీ మధ్య దూర్చి ముందు నుంచి వెనక్కి లాగాను. ఎక్కడా ఆగకుండా జారింది. గొట్టం చుట్టూ గాలి వదిలారు. దాన్ని చేసినవాడు ఎవడో పని తెలిసినవాడు. ప్లాస్టిక్ అని ముక్కు చిట్లించిన నేను ఆ ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను.

"రఫీక్, తుపాకీలు కూడా తెలుసా నీకు?" అన్నాడు కొడుకు. ఎగతాళిగా కాదు, నవ్వుతూనే. అది మరీ కష్టం.

"కట్టె తెలుసు," అన్నాను.

ముందు కొత్తది కాల్చాడు. బోర్లా పడుకుని, ఇసుక సంచి మీద ఆనించి, ఐదు. బాగా కాలుస్తాడు, అది ఒప్పుకోవాలి. మేనేజరు గురికి నిలబెట్టిన అట్ట తెచ్చి చూపించాడు. ఐదు చిల్లులూ కలిసి ఒకటే చిల్లు అయ్యాయి, సోడా మూతతో మూసేయొచ్చు. డ్రైవరు "మాషా అల్లా" అన్నాడు. నేను కూడా లోపల అనుకున్నాను.

తర్వాత పాతది. గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని విప్పి, దూరంగా బల్ల మీద పెట్టారు. కాల్చేవాళ్ల గీత దాటి నన్ను దగ్గరకు పోనివ్వలేదు మేనేజరు. మొదటి తూటా సరిగ్గా నడుమ. రెండోది దాని పక్కనే. "చూశావా!" అన్నాను డ్రైవరుతో. మూడోది జానెడు ఎడమకు పోయింది. నాలుగోది ఇంకా ఎడమకు, పైకి. ఐదోది అట్ట అంచు చించుకుని పోయింది.

కొడుకు లేచి మోచేతుల దుమ్ము దులుపుకున్నాడు. "నాన్నా, చెప్పాను కదా. పాతబడింది. కట్టె పోయింది. తాత గుర్తుగా అద్దంలో పెట్టుకుందాం, గౌరవంగా ఉంటుంది."

అర్బాబ్ తల నాకేసి తిప్పాడు. ఆ కళ్లకు నేను ఒక నీడలా కనిపిస్తానేమో. "నజ్జార్?"

"మొదటి రెండూ ఎక్కడ పడ్డాయి అర్బాబ్? పుచ్చిన కట్టె అయితే మొదటిదే తప్పాలి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా కొట్టి, వేడెక్కిన కొద్దీ పక్కకు పోతోందంటే, గొట్టాన్ని ఏదో పట్టుకుంటోంది. నన్ను చూడనివ్వండి. చూడకుండా నేను కూడా ఏమీ చెప్పను."

ఆఖరి మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది. కొడుకు చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు.

మేనేజరు తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసి, తూటాను గొట్టంలోకి తోసే బోల్ట్ ఊడదీసి తన దగ్గరే పెట్టుకుని, మిగతాది వెనక బల్ల మీద నా ముందు పెట్టాడు. ఎన్నేళ్లయిందో దాన్ని ముట్టుకుని. గోరుతో నొక్కి చూశాను. చెక్క రాయిలా ఉంది. అడుగున వేలితో కొట్టాను, ఖంగుమంది. పుచ్చడమా! ఆ మాట అందరికీ వినిపించేలా మళ్లీ కొట్టాను.

అప్పుడు చూశాను ముందువైపు. మూతి దగ్గర్నుంచి జానెడు వెనక, కర్రనూ గొట్టాన్నీ కలిపి చుట్టి, రెండు వేళ్ల వెడల్పు వెండి పట్టీ. మీద పువ్వుల చెక్కడం, అంచుల్లో ముత్యాల్లాంటి బుడిపెలు. ఇక్కడ పెళ్లికొడుకులు భుజాన వేసుకునే తుపాకులకు అలా వెండి చుట్టిస్తారు, గొప్ప. మూడేళ్ల కిందట కొడుకు పెళ్లప్పుడు నేను సెలవు మీద కడపలో ఉన్నాను. ఆ పట్టీ నేను చూడటం ఇదే మొదలు.

పెట్రోలు రసీదు మళ్లీ తీశాను. వెనక నుంచి దూర్చి ముందుకు లాగాను. సాఫీగా వచ్చి, పట్టీ దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి. చిరిగింది.

మా నాయన బండి చక్రానికి ఇనప పట్టా వేయడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తే ముడుచుకుని, నడిమి నుంచి అంచుకు పోయే ఆకులన్నిటినీ పిడికిట్లో పట్టినట్టు పట్టేస్తుంది. ఆ పట్టు లేకపోతే చక్రం లేదు. ఈ కంసాలి కూడా అదే చేశాడు. ఊడకూడదని వేడిగా తొడిగి, అతుకు బిగించి, నునుపు చేశాడు. వాడికి తెలిసింది నగ. కానీ ఇది చక్రం కాదు.

"ఇదిగో దొంగ," అన్నాను. "ఈ వెండిని కోసెయ్యాలి."

కొడుకు రెండడుగుల్లో వచ్చి తుపాకీ మీద చెయ్యి వేశాడు. "ముట్టుకోకు."

"ముట్టుకోకపోతే..."

"నీ కట్టె తప్పు దాచుకోడానికి నా వెండి కోస్తావా? అది మా అమ్మ కడియం. కరిగించి చేయించాను. పెళ్లి రోజున ఆమె లేదు, ఇదైనా నా భుజం మీద ఉండాలని. తెలుసా నీకు?"

తెలియదు. ఆ ఇంటావిడ నాకు తెలుసు. ఖురియాత్‌లో తలుపులు బిగించడానికి పోయినప్పుడు గుమ్మం లోపలి నుంచి ఖర్జూరాలూ కాఫీ పంపించేది, గ్లాసు ఖాళీ అయితే మళ్లీ పంపించేది. ఆమె కడియమని తెలిసుంటే 'దొంగ' అనే మాట నా నోట వచ్చేది కాదు. డ్రైవరు నా చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగాడు. "మామా, వద్దులే. పోదాం పా. అద్దంలో పెట్టుకోనీ."

పెట్టె మూసెయ్యాలనిపించింది, ఒక్క నిమిషం. కానీ మూసేస్తే ఏమవుతుంది? రేపు సీసం పోస్తారు. అద్దం వెనక పెడతారు. వచ్చిన చుట్టాలందరికీ ఆ పిల్లవాడు, ముప్పై నాలుగేళ్ల ఇంజనీరు, చెబుతాడు: మా తాత తుపాకీ, గొప్పగా కాల్చేది, ఒక ఇండియావాడు పాడుచేశాడు. నేను పోయాక కూడా చెబుతాడు.

"మాట తప్పు అన్నాను, క్షమించండి," అన్నాను. "పని మాత్రం తప్పు చెప్పలేదు. ఈ పట్టీ ఉన్నంతసేపు దీని గురి నిలవదు. గురి నిలవాలంటే పట్టీ ఇక్కడ ఉండకూడదు. రెండూ కావాలంటే కుదరదు."

కొడుకు తండ్రి వైపు తిరిగి అరబ్బీలో గబగబా మాట్లాడాడు. నాకు సగమే అందింది. అర్బాబ్ కర్ర ఊతంగా లేచి, తడుముకుంటూ బల్ల దగ్గరకు వచ్చి, వేళ్లతో గొట్టం పొడవునా రాసుకుంటూ పోయి పట్టీ దగ్గర ఆగాడు. బుడిపెలు ఒక్కొక్కటీ తడిమాడు. తర్వాత రసీదు ముక్క అడిగి, తనే దూర్చాడు, తనే లాగాడు. ఆగింది.

"మీ అమ్మ ముప్పై తొమ్మిదేళ్లు నాతో ఉంది," అన్నాడు కొడుకుతో, నాకూ అర్థమయ్యేలా హిందీలో. "ఒక్క రోజు కూడా ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపలేదు. నన్ను కొండ మీదికి పోవద్దనలేదు. నిన్ను చదువుకు పోవద్దనలేదు. ఆమె కడియం దీన్నెందుకు పట్టుకుని ఆపుతుంది? కొయ్ నజ్జార్."

కొడుకు తుపాకీ మీద నుంచి చెయ్యి తీశాడు.

సన్నటి రంపపు రేకుతో అతుకు మీదే కోశాను, పువ్వు తెగకుండా. కింద అట్టముక్క పెట్టాను, గొట్టానికి గీత పడకుండా. పదిహేను నిమిషాలు పట్టి ఉంటుంది. తెగగానే టక్కుమని విచ్చుకుంది. ఎంత బిగువు పెట్టాడో కంసాలి! పట్టీని రెండు చేతుల్లో అర్బాబ్‌కు ఇచ్చాను. ఆయన కొడుకుకిచ్చాడు.

అక్కడితో నేను గెలిచినట్టే అనుకుని ఉంటే ఈ కథ నాకు రాయడానికి సుఖంగా ఉండేది. కానీ పెట్టె తెచ్చాను కదా, పని సగంలో వదలడం నాకు చేతకాదు. మరలు విప్పి కర్ర ఊడదీశాను. డ్రైవరు లైటర్‌తో చెంచా అడుగున మసి పట్టించి, చుక్క నూనె కలిపి గొట్టానికి పూశాను. ఆనించి, తీసి చూశాను.

నడిమి భాగంలో, ఎడమ పక్క, వేలి పొడవున నల్లగా అంటింది. అది పట్టీ చోటు కాదు. అది నా చోటు. ఉబ్బదనుకున్న నా పడవ టేకు, సముద్రపు గాలికి ఇరవై ఆరేళ్లలో వెంట్రుకవాసి ఉబ్బింది. లేదా మొదటి రోజే నేను అక్కడ ఇంకొంచెం గీకాల్సింది.

ఎవరూ చూడలేదు. డ్రైవరు ఫోన్ చూసుకుంటున్నాడు. చప్పుడు చేయకుండా గీకేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ చూడకుండా మాట్లాడాడని ఆ మనిషిని పొద్దుట్నుంచి తిట్టుకుంటున్నవాణ్ణి, చూసి కూడా మాట్లాడకపోతే నేనెవర్ని? కొడుకును పిలిచాను.

"ఇదిగో, ఇక్కడ నా కట్టె కూడా తగులుతోంది. పుచ్చలేదు. ఉబ్బింది. ఇది నా తప్పు. పెద్దది కాదు, కానీ నాదే."

అతను వంగి చూశాడు. నల్ల మరక మీద వేలు పెట్టి, వేలికి అంటిన మసి చూసుకున్నాడు. "ఇంత సన్నటిదానికి తూటా పక్కకు పోతుందా?"

"పోతుంది."

"కొత్తదానికి అందుకే కాగితం దూర్చావా?"

"అందుకే."

"అది ఫ్యాక్టరీలో మిషన్ చేసింది."

"ఇది నేను చేశాను," అన్నాను. 

గాజు పెంకుతో గీకాను, మసి పూశాను, చూశాను, గీకాను. నాలుగోసారికి మరక పోయింది. మరలు బిగించాను. రసీదు ముక్క చివరిదాకా జారింది. ఈలోగా గొట్టం కూడా చల్లబడింది. మేనేజరు బోల్ట్ వేసి, గీత దగ్గరకు తీసుకుపోయాడు.

కొడుకు మళ్లీ బోర్లా పడుకున్నాడు. దుర్బిణి లేదు, సంచి మాత్రం ఉంది. ఐదు కాల్చాడు.  అట్ట తెచ్చారు. అర్బాబ్ చెయ్యి చాచాడు, మేనేజరు ఆ చేతిని పట్టుకుని చిల్లుల మీద పెట్టాడు.

నాలుగు కప్పుకున్నాయి. ఐదోది చిటికెన వేలి పక్కన సగం బయటికి కనిపిస్తోంది.

అర్బాబ్ వేలి కొసతో దాన్ని తడిమాడు. మెల్లగా, ఏమీ ఎరగనట్టు, చిటికెన వేలు పక్కకు జరిపాడు. "ఐదూ," అన్నాడు.

డ్రైవరు పక్కకు తిరిగి నవ్వాడు. మేనేజరు ఆకాశం చూశాడు.

"కాదు అర్బాబ్," అన్నాను. "నాలుగే. చెయ్యి జరిగింది."

"నీకెందుకు నజ్జార్? నీ కట్టె బతికింది కదా."

"జరిపిన వేలి కింద బతకాల్సిన కర్మ దానికి లేదు. మళ్లీ కాల్చమనండి. ఈసారి తప్పితే నేనే సీసం కరిగించి ఇస్తాను."

"నీకేమైనా పిచ్చా మామా?" అన్నాడు డ్రైవరు తెలుగులో. "గెలిచినోడివి గమ్మునుండరాదా!"

కొడుకు అప్పటికే తూటాలు తీసుకుంటున్నాడు. "ఐదోది తుపాకీ తప్పు కాదు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "నేను లాగేటప్పుడు కదిలాను. నాకు తెలిసింది." మళ్లీ పడుకున్నాడు. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క తూటాకూ గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి, ఆగి, కాల్చాడు.

అర్బాబ్ చెయ్యి పెట్టాడు. ఈసారి ఆయన చేతిని నేనే చూశాను, జరగకుండా. ఐదూ కింద ఉన్నాయి. చెయ్యి తీస్తే రెండు చిల్లులు ఒకదానికొకటి తగులుతున్నాయి.

కొత్తది ఇంకా మంచిదే. సోడా మూతకూ అరచేతికీ తేడా ఉంది, నాకు కళ్లున్నాయి. పాతదే గొప్పని వాదించడానికి నేను పోలేదు. అది బతికి ఉందని, దాని చెక్క బతికి ఉందని చెప్పడానికి పోయాను. చెప్పాను.

సీసం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పుచ్చిందన్న మాటకు క్షమాపణ కూడా రాలేదు. దారి పొడవునా ఎదురుచూశాను. ఆ తర్వాత వారం కూడా ఎదురుచూశాను. రాలేదు.

రెండో వారంలో ఖురియాత్ రమ్మని ఫోన్ వచ్చింది. పోయేసరికి వసారాలో చాప మీద తుపాకీ, దాని పక్కన గుడ్డలో పట్టీ. కొడుకే ఉన్నాడు, పాదాల దాకా వచ్చే తెల్లటి దిష్‌దాషాలో, చేతులు మడుచుకుని. గొట్టానికి దూరంగా దీన్ని ఎక్కడైనా పెట్టొచ్చా అని అడిగాడు. మడమకు పెట్టొచ్చన్నాను. భుజానికి ఆనే చోటుకు కొంచెం ముందు, చెక్కలో పల్లం చేసి కూర్చోబెడితే ఎవరినీ పట్టుకోదు. కాల్చేటప్పుడు చెంపకు తగులుతుంది కూడా. ఆ మాట విని అతను పట్టీని గుడ్డలోంచి తీసి నా చేతికిచ్చాడు.

పట్టీని సాపు చేశాను. పల్లం గీశాను, ఉలితో తీశాను. కూర్చోబెట్టి చూసే దగ్గరకు వచ్చేసరికి చెంచా అడుగు మసి అతని ముందుకు జరిపాను.

"ఇది నువ్వు పుయ్యి," అన్నాను.

"నేనా?"

"నీ అమ్మ వెండి. నీ తాత తుపాకీ. పుయ్యి."

పూశాడు. చేతులకు, మణికట్టుకు, తెల్ల బట్ట అంచుకు అంతా మసి. పట్టీని పల్లంలో ఆనించి, తీసి, వెలుతురు వైపు తిప్పి, ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తొందర పెట్టలేదు నేను.

"ఇక్కడ తగులుతోంది," అన్నాడు చివరికి, నల్లటి వేలు పెట్టి.

"అయితే గీకు," అన్నాను, గాజు పెంకు చేతికిచ్చి.